నిమ్ చేతులు, టీచర్ చేతులు: ఒక చింపాంజీ భాషా కేసు

‘ఇవ్వు నారింజ నేను ఇవ్వు తిను నారింజ నేను తిను నారింజ ఇవ్వు నేను తిను నారింజ ఇవ్వు నేను నువ్వు.’

మొత్తం 16 సైగలు. నిమ్ అనే చింపాంజీ చేసిన పలుకుల్లో రికార్డులకెక్కిన అతి పొడవైనది ఇదే.

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. మాట రాని పిల్లలకు బొమ్మల బోర్డుతోనో, సైగలతోనో, ట్యాబ్‌తోనో మనసులోది చెప్పుకునే దారి చూపించడం నా పని. పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే చేస్తున్నాను. నా దగ్గర కొత్తగా చేరిన జూనియర్లకు మొదటి వారం పిల్లల ఫైళ్లు ఇవ్వను, నిమ్ కేసు చెబుతాను. ఆ 16 సైగలు బోర్డు మీద రాసి, ‘ఇది వాక్యమేనా?’ అని అడుగుతాను. కొందరు అవునంటారు, కొందరు కాదంటారు. ఎందుకో చెప్పమంటే ఇద్దరూ తడబడతారు. నేనూ ఒకప్పుడు తడబడ్డాను. అందుకే ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను.

ముందు ఒక మాట. తెలుగులో మనం అన్నిటినీ కోతులనేస్తాం. చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్ కోతులు కావు. తోక లేని పెద్ద వానరాలు, మనకు దగ్గరి చుట్టాలు. వాటిలోనూ చింపాంజీ, బోనోబో మరీ దగ్గర. ‘వాటికి మన భాష వస్తుందా’ అన్న ప్రశ్న వాటి చుట్టూనే ఎక్కువగా తిరగడానికి కారణం ఆ చుట్టరికమే.

కేసు నేపథ్యం

నిమ్ 1973 నవంబరులో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, నార్మన్ పట్నంలోని ఒక వానర పరిశోధనా కేంద్రంలో పుట్టాడు. రోజుల పిల్లగా ఉండగానే తల్లి నుంచి వేరు చేసి న్యూయార్క్ తీసుకెళ్లారు. తీసుకెళ్లింది కొలంబియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే హెర్బర్ట్ టెరేస్ కోసం. పిల్లకు పెట్టిన పూర్తి పేరు నిమ్ చింప్‌స్కీ. భాష మనిషికి మాత్రమే పుట్టుకతో వచ్చే శక్తి అని వాదించే నోమ్ చామ్‌స్కీ పేరును అలా మార్చి పెట్టారు. టెరేస్ గురువు బి.ఎఫ్. స్కిన్నర్. బహుమానం, అలవాటు, మళ్లీ బహుమానం అనే దారిలో ఏదైనా నేర్పవచ్చని స్కిన్నర్ నమ్మకం. కాబట్టి ఈ పసివాడి మీద మొదటి రోజు నుంచే ఒక పెద్ద వాదం బరువు పడింది. పేరు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. ఒక పసిబిడ్డకు అలాంటి పేరు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

సైగలే ఎందుకంటే, అప్పటికే నోటితో ప్రయత్నించి చూశారు. 1931లో కెలాగ్ దంపతులు గువా అనే చింపాంజీ పిల్లను తమ కొడుకు డొనాల్డ్‌తో పాటు తొమ్మిది నెలలు పెంచారు. గువా మాట నేర్వలేదు. పైగా తిండి కనబడగానే గువా చేసే శబ్దాలను డొనాల్డ్ నేర్చుకున్నాడు. 1940ల చివర్లో హేస్ దంపతులు వికీ అనే చింపాంజీతో ఏళ్ల తరబడి కష్టపడితే ‘మామా’, ‘పాపా’, ‘కప్’ లాంటి మూడు నాలుగు మాటలు, అవీ గుసగుసగా, అతి కష్టం మీద వచ్చాయి. చింపాంజీకి కుదరనిది నోరు, చేతులు కాదు. 1966లో నెవాడాలోని రీనోలో గార్డ్నర్ దంపతులు వాషో అనే ఆడ చింపాంజీకి బధిరులు వాడే అమెరికన్ సైగల భాష నేర్పడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు దాటేసరికి వాషోకి 132 సైగలు వచ్చాయి. నీళ్లలో హంసను చూసి వాషో ‘నీళ్లు’, ‘పక్షి’ అని వరసగా సైగ చేసిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అది కొత్త మాట కూర్చడమా, లేక నీళ్లనూ పక్షినీ విడివిడిగా చూపించడమా? ఆ ఒక్క సంఘటనతో తేలదు. తేల్చాలంటే ప్రతి పలుకునూ రాసుకోవాలి, లెక్కపెట్టాలి. నిమ్ ప్రాజెక్టు పెట్టుకున్న పని అదే.

ఇంటి చరిత్ర

ఏ కేసులోనైనా నేను ముందు అడిగేది ఇంట్లో ఎవరెవరున్నారు, బిడ్డతో రోజంతా ఎవరుంటారు అన్నది. నిమ్ ఫైలులో ఈ పేజీ చదువుతుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

మొదట మన్‌హట్టన్‌లో స్టెఫనీ లాఫార్జ్ అనే ఆవిడ ఇంట్లో పెరిగాడు. పెద్ద కుటుంబం, పిల్లలు బోలెడు మంది. ఆవిడ నిమ్‌ను సొంత బిడ్డలా చూసుకుంది. కానీ ఆ ఇంట్లో సైగల భాష ధారాళంగా వచ్చినవాళ్లు లేరు. చుట్టూ ఎవరూ సరిగా మాట్లాడని భాషను బిడ్డకు నేర్పబోయారన్నమాట. 1975లో నిమ్‌ను ఆ ఇంటి నుంచి తీసేసి, బ్రాంక్స్‌లోని రివర్‌డేల్‌లో విశ్వవిద్యాలయానికి చెందిన డెలాఫీల్డ్ అనే పెద్ద భవంతికి మార్చారు. అక్కడి నుంచి కారులో క్యాంపస్‌కు తీసుకెళ్లి, ఎనిమిది అడుగుల చదరం గదిలో పాఠాలు చెప్పేవారు. కావాలనే ఆ గదిని బోసిగా ఉంచారు, దృష్టి చెదరకూడదని. నాలుగేళ్లలో దాదాపు 60 మంది టీచర్లు మారారు. వాళ్లలో చాలామంది విద్యార్థులు, వాలంటీర్లు.

దాదాపు 60 మంది! మా దగ్గర ఒక బిడ్డకు ఏడాదిలో ముగ్గురు థెరపిస్టులు మారితేనే వెనక్కి పోతాడు. కొత్త మనిషి ముఖం, వాసన, చేతి వేగం అలవాటయ్యేలోపే ఆ మనిషి వెళ్లిపోతే బిడ్డ నమ్మకం ఎక్కడ పెట్టుకోవాలి? టీచర్లు వెళ్లిపోయినప్పుడల్లా నిమ్ కలవరపడేవాడు, కరిచేవాడు. ఫలితాల పట్టికలు చూసే ముందు ఈ పేజీని మళ్లీ ఒకసారి చదవాలి.

నేర్చుకున్నది

సైగ వచ్చిందని రాయడానికి టెరేస్ బృందం గట్టి నియమమే పెట్టుకుంది. ముగ్గురు వేర్వేరు మనుషులు వేర్వేరు సమయాల్లో ఆ సైగను చూడాలి. అది అయిదు రోజులు వరసగా, ఎవరూ చేయి పట్టి చేయించకుండా, తగిన సందర్భంలో రావాలి. ఇంత జాగ్రత్త మా క్లినిక్‌లలో కూడా అన్నిసార్లూ తీసుకోం. ఆ నియమంతో లెక్కిస్తే నిమ్‌కు 125 సైగలు వచ్చాయి. తాగు, తిను, ఇంకా, చక్కిలిగింత, ఆడు, కౌగిలి, పిల్లి, అరటిపండు లాంటివి.

అందులో నన్ను ఆపి ఆలోచింపజేసినవి మూడు: ‘మురికి’, ‘కరుస్తా’, ‘కోపం’. బాత్రూమ్‌కు వెళ్లాలంటే ‘మురికి’ అని సైగ చేయడం నేర్పారు. కొన్నాళ్లకు నిమ్ పాఠం విసుగేసినప్పుడు కూడా అదే సైగ చేయడం మొదలుపెట్టాడు. గదిలోంచి బయటపడటానికి అది దారి అని పట్టేశాడు. కోపం వచ్చినప్పుడు ‘కరుస్తా’, ‘కోపం’ అని సైగ చేసి, నిజంగా కరవకుండా ఆగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. నా వృత్తిలో ఇది చాలా పెద్ద విషయం. తల కొట్టుకునే బిడ్డ ‘వద్దు’ బొమ్మ చూపించి ఆగాడంటే ఆ రోజు మేము స్వీట్లు పంచుకుంటాం. చేష్టతో చేసేదాన్ని గుర్తుతో చేయడమంటే గుర్తుకు పని ఉందని తెలియడమే. చింపాంజీలకు గుర్తులు రావన్నవాళ్లు ఈ మూడు సైగల దగ్గర ఆగి చూడాలి.

అయితే గుర్తు ఒకటి, వాక్యం ఇంకొకటి. టెరేస్ వెతికింది వాక్యం కోసం.

నిమ్ చేసిన, రెండు అంతకంటే ఎక్కువ సైగలున్న పలుకులు 19,000కు పైగా రాసుకున్నారు. అందులో వేర్వేరు కూర్పులు 5,235. మొదట్లో చూస్తే వరసలో ఒక పద్ధతి కనిపించింది. ‘ఇంకా’ అనే సైగ ఎక్కువగా ముందే వచ్చేది. ‘నేను’, ‘నిమ్’ అనేవి క్రియ తర్వాత వచ్చేవి. ఇదిగో వ్యాకరణం అని టెరేస్ నమ్మాడు. ఆ నమ్మకంతోనే రాయడం మొదలుపెట్టాడు కూడా.

కానీ లెక్కల్లో ఇంకో వరస ఉంది. మేము ప్రతి బిడ్డకూ చూసేది, ఒక్కో పలుకులో సగటున ఎన్ని మాటలున్నాయి అన్నది. పిల్లలకు అది నెలనెలా మెట్లెక్కినట్టు పెరుగుతుంది. నిమ్‌కు 26 నెలల వయసు నుంచి 45 నెలల దాకా, అంటే 19 నెలల పాటు, అది 1.1కీ 1.6కీ మధ్యే ఊగింది. కొత్త సైగలు వస్తూనే ఉన్నాయి, పలుకు మాత్రం పెరగలేదు.

పొడవు పెరిగినప్పుడు ఏమవుతుందో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మన ఇంట్లో రెండేళ్ల పాప ‘అమ్మా పాలు’ అంటుంది. తర్వాత ‘అమ్మా, నాకు పాలొద్దు’ అంటుంది. ఇంకొన్నాళ్లకు ‘అమ్మా, వేడిగా ఉన్నాయి, చల్లార్చి ఇవ్వు’ అంటుంది. ప్రతి కొత్త మాటా కొత్త కబురు తెస్తుంది. నిమ్ నాలుగు సైగల పలుకుల్లో తరచుగా వచ్చినవి ‘తిను తాగు తిను తాగు’, ‘తిను నిమ్ తిను నిమ్’, ‘అరటిపండు నిమ్ అరటిపండు నిమ్’. పలుకు పొడుగైంది కానీ కబురు పెరగలేదు. మొదట రాసిన ఆ 16 సైగలను మళ్లీ చూడండి. వేర్వేరు మాటలు అయిదే: ఇవ్వు, నారింజ, నేను, తిను, నువ్వు. మిగతాదంతా తలుపు మళ్లీ మళ్లీ కొట్టడం లాంటిది.

తెలుగు వాళ్లం ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. మాటలు లెక్కపెట్టే పద్ధతి ఇంగ్లిష్‌కు కుదిరినంతగా మనకు కుదరదు. ‘తినిపించవా’ అన్నది ఒక్క మాటే, కానీ అందులో తినడం, ఇంకొకరిచేత తినిపించుకోవడం, అడగడం మూడూ ఉన్నాయి. సైగల భాష కూడా అలాంటిదే. చేయి ఎటు కదిలింది, ఎంత వేగంగా కదిలింది అన్నదాంట్లో అర్థం ఉంటుంది. నిమ్ టీచర్లలో ఎక్కువమందికి ఆ భాష అంత లోతుగా రాదు కాబట్టి, వాళ్లు నేర్పినది ఇంగ్లిష్ వరసలో పేర్చిన సైగలు. అంటే ఈ కేసులో పరీక్షకు పెట్టింది అసలైన సైగల భాషను కాదు. ఇది చిన్న లోపం కాదు. అయినా ‘అరటిపండు నిమ్ అరటిపండు నిమ్’ను మాత్రం ఈ లోపం కాపాడలేదు.

వీడియో

1977లో డబ్బు, ఓపిక రెండూ అయిపోయాయి. నిమ్‌ను ఓక్లహోమాకు తిరిగి పంపేశారు. పంపిన తర్వాత టెరేస్ తీరిగ్గా కూర్చుని వీడియో టేపులు చూశాడు. ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాడు. అప్పటిదాకా నిమ్ చేతుల వైపే చూస్తూ వచ్చినవాడు మొదటిసారి టీచర్ చేతుల వైపు చూశాడు.

నిమ్ ‘నేను కౌగిలి పిల్లి’ అని సైగ చేస్తున్న ఫోటోల వరస ఉంది. చూడగానే ముద్దొస్తుంది. కానీ అదే ఫోటోల్లో నిమ్ ‘నేను’ అంటున్నప్పుడు టీచర్ చేయి ‘నువ్వు’ అంటోంది, నిమ్ ‘పిల్లి’ అంటున్నప్పుడు టీచర్ ‘ఎవరు’ అని అడుగుతోంది. టేపుల్లో లెక్కపెడితే నిమ్ తనంతట తాను మొదలుపెట్టిన పలుకులు 12 శాతమే. మిగతావన్నీ టీచర్ ఏదో సైగ చేసిన వెంటనే వచ్చినవి. దాదాపు 40 శాతం పలుకులు టీచర్ అప్పుడే చేసిన సైగల అనుకరణ, పూర్తిగానో కొంతో. రెండేళ్లలోపు పిల్లల్లో ఈ అనుకరణ 20 శాతం దాకా ఉంటుంది, మూడేళ్లకు దాదాపు పోతుంది. నిమ్ విషయంలో అది తగ్గలేదు, పెరుగుతూ వచ్చింది. పైగా ఒకరు మాట్లాడుతుంటే ఆగి, తన వంతు వచ్చాక మాట్లాడటం నిమ్‌కు రాలేదు. టీచర్ సైగ మధ్యలోనే చొరబడేవాడు.

1979లో టెరేస్, సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితం ప్రచురించారు: చింపాంజీ వాక్యం కూర్చుతోందనడానికి ఆధారం లేదు. తాను నమ్మినదాన్ని తన టేపులే చూసి కాదనుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఎందుకంటే అలాంటి టేపు నేనూ చూశాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. నాలుగేళ్ల బాబు, మాట లేదు. బొమ్మల కార్డులతో పని చేస్తున్నాను. రిపోర్టులో ‘20 కార్డులు సొంతంగా వాడుతున్నాడు’ అని రాశాను. వాళ్లమ్మ ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో దాచుకుంది. ఒకరోజు మా సీనియర్ మేడమ్ సెషన్ వీడియో తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టి సౌండ్ తీసేసి చూపించారు. బాబు చేయి కదలకముందే నా చేయి సరైన కార్డు వైపు అంగుళం జరుగుతోంది. చేయి ఆపుకున్న చోట నా కళ్లు అటు పోతున్నాయి. సరైన కార్డు ముట్టుకోబోతుంటే నా భుజాలు తేలికపడుతున్నాయి. ఆ బాబు కార్డులు చదవడం లేదు, నన్ను చదువుతున్నాడు. అరగంటలో నా సాయం లేకుండా అడిగింది రెండుసార్లే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాళ్లమ్మను కూర్చోబెట్టి ‘నేను రాసింది తప్పమ్మా’ అని చెప్పాను.

నూరేళ్లకు ముందే బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఇదే చేసింది. లెక్క అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. అడిగినవాడికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియదని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చాడు. యజమాని మోసగాడు కాదు. తన తల ఎప్పుడు కాస్త కదులుతోందో ఆయనకే తెలియదు. 1990లలో మాట రాని పిల్లల చేయి పట్టుకుని టైప్ చేయించే ఒక పద్ధతి వచ్చింది. బిడ్డకు ఒక బొమ్మ, చేయి పట్టుకున్నవారికి ఇంకో బొమ్మ చూపిస్తే, టైప్ అయ్యేది పట్టుకున్నవారు చూసిన బొమ్మ పేరే. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా ఆ పద్ధతి వాడొద్దని మళ్లీ గట్టిగా చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ తల్లిదండ్రులు దాని గురించి ఆశగా అడుగుతారు. ఆశ తప్పు కాదు. అందుకే పరీక్ష చేసే బాధ్యత మా మీద ఉంటుంది.

నిమ్‌కు భాష రాలేదా, నిమ్‌కు సరిగా నేర్పలేదా?

గార్డ్నర్ దంపతులు, వాషోను తర్వాత చూసుకున్న రోజర్ ఫౌట్స్ టెరేస్‌ను తప్పుపట్టారు. బోసి గదిలో కూర్చోబెట్టి ‘ఇదేమిటి, ఇదేమిటి’ అని అడిగి, చెప్తేనే వస్తువు చేతికిస్తే ఏ పిల్లయినా అడుక్కోవడమే నేర్చుకుంటుందని వాళ్ల మాట. ఇందులో నిజముంది. తర్వాత ఓక్లహోమాలో వేరే పరిశోధకులు నిమ్‌ను రెండు విధాలుగా చూశారు, ఒకసారి పాఠంలా, ఇంకోసారి మామూలు కబుర్లలా. కబుర్ల వేళ నిమ్ సొంతంగా చేసిన సైగలు బాగా పెరిగాయి, మధ్యలో చొరబడటం తగ్గింది. చుట్టూ వాతావరణం మారితే అదే నిమ్ ఇంకోలా కనిపించాడు. వాషో దగ్గర పెరిగిన లూలిస్ అనే పిల్ల చింపాంజీ ముందు మనుషులు ఏడే సైగలు వాడి, మిగతావి దాచారు. అయినా లూలిస్ తోటి చింపాంజీలను చూసి డజన్ల కొద్దీ సైగలు నేర్చుకున్నాడు.

అయినా నా అభిప్రాయం మారలేదు. సొంతంగా సైగ చేయడం పెరిగింది, కానీ వాక్యం కనబడలేదు. నేర్పడంలో లోపం సరిదిద్దితే నిమ్ ఇంకా మంచిగా అడిగేవాడు, ఇంకా ప్రశాంతంగా ఉండేవాడు. ‘చల్లార్చి ఇవ్వు’ దాకా వెళ్లేవాడని నేను అనుకోను. అలా అనుకోవడానికి కారణం రెండో కేసు.

రెండో ఫైలు: కాంజీ

కాంజీ బోనోబో. 1980 అక్టోబరు 28న అట్లాంటా దగ్గర పుట్టాడు. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం భాషా పరిశోధనా కేంద్రంలో సూ సావేజ్-రంబో అతని పెంపుడు తల్లి మటాటాకు కీబోర్డు నేర్పుతుండేవారు. కీల మీద బొమ్మలు కాదు, గీతలతో చేసిన గుర్తులుంటాయి. ఒక్కో గుర్తు ఒక్కో మాట. చూడటానికి ఆ వస్తువులా ఉండదు. మటాటాకు రెండేళ్లలో పెద్దగా ఏమీ రాలేదు. పిల్లవాడు కాంజీ ఆ గదిలోనే గంతులేస్తూ, పాఠం చెడగొడుతూ తిరిగేవాడు. అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. రెండున్నరేళ్లప్పుడు మటాటాను కొన్నాళ్లు వేరే చోటికి పంపారు. తల్లి లేని మొదటి రోజే కాంజీ కీబోర్డును 120 సార్లకు పైగా వాడాడు. పాఠం తల్లికి చెబితే అది పట్టుకున్నది పిల్ల!

ఆ రోజు నుంచి పాఠాలు ఆపేసి, సుమారు 55 ఎకరాల అడవిలో బోర్డు పట్టుకుని అతనితో తిరిగారు. ఎక్కడికెళ్తున్నారో, ఏం తినబోతున్నారో మాట్లాడుతూ, గుర్తు చూపిస్తూ వెళ్లారు. మేము ఇప్పుడు తల్లులకు చెప్పేది అచ్చం ఇదే. ‘చెప్పు చెప్పు’ అనొద్దు, మీరు మాట్లాడుతూ బోర్డు చూపించండి అని. ఈ పోలిక కాకతాళీయం కాదు. ఆ గుర్తులు 1970ల మొదట్లో లానా అనే చింపాంజీ కోసం తయారయ్యాయి. అదే విశ్వవిద్యాలయంలో మేరీ ఆన్ రోమ్‌స్కీ, రోజ్ సెవ్‌చిక్ 1980లలో మానసిక వైకల్యం ఉండి మాట రాని 13 మందికి ఆ గుర్తుల బోర్డులే ఇచ్చి, ఇంట్లో, బడిలో వాడించారు. ఆ పిల్లలు వాటితో నిజంగా మాట్లాడారు. నేడు చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్ ట్యాబ్‌లో పెట్టుకుని మా క్లినిక్‌కు వచ్చే పిల్లల వెనక, ఎక్కడో దూరంగా, ఈ వానరాల శ్రమ కూడా ఉంది. ఆ రుణం నేను మరిచిపోను.

కాంజీకి ఎనిమిదేళ్లప్పుడు అసలు పరీక్ష జరిగింది. మాట్లాడే ఇంగ్లిష్‌లో 660 కొత్త ఆజ్ఞలు. వాటిలో ఎక్కువ భాగానికి చెప్పే మనిషి అద్దం వెనక ఉంటుంది, గదిలో ఉన్నవాళ్లు సంగీతం మోగే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటారు. టేపుల్లో కనబడ్డ నా భుజాల సంగతి గుర్తుందా? దానికి విరుగుడు ఇది. పోలికకు ఆలియా అనే రెండేళ్ల పాపకు కూడా అవే వాక్యాలు పెట్టారు. కాంజీ 72 శాతం సరిగా చేశాడు, ఆలియా 66 శాతం. ‘మైక్రోవేవ్‌లో ఉన్న క్యారెట్ తీసుకురా’ అంటే ఎదురుగా ఇంకో క్యారెట్ ఉన్నా వెళ్లి అదే తెచ్చాడు. బొమ్మ కుక్క చేత బొమ్మ పామును కరిపించమంటే పామును కుక్క నోట్లో పెట్టాడు.

ఇంగ్లిష్‌లో ఎవరు ఎవరిని కరిచారో మాటల వరస చెబుతుంది. తెలుగులో ‘కుక్క పామును కరిచింది’ అన్నా ‘పామును కుక్క కరిచింది’ అన్నా ఒకటే, ‘ను’ పని చేస్తుంది కాబట్టి. కాంజీ వరసను పట్టించుకున్నాడన్నది పెద్ద సంగతే. కానీ ఎక్కడ తప్పాడో చూడటం ఇంకా ముఖ్యం. ‘ఇదీ అదీ రెండూ తీసుకురా’ తరహా వాక్యాల్లో అతను తరచూ ఒక్కటే తెచ్చేవాడు. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ ట్రస్‌వెల్ 2017లో ఆ పాత రికార్డులు తిరగేసి లెక్కకట్టారు. అలాంటి వాక్యాల్లో కాంజీకి 22 శాతం, ఆలియాకు 68 శాతం. రెండు మాటలను ముడేసి ఒకే మూటగా పట్టుకోవడం రెండేళ్ల పాపకు వచ్చింది, ఎనిమిదేళ్ల కాంజీకి రాలేదు. మూటలో మూట పెట్టడమే వాక్యం. నిమ్ సైగలు పొడుగైనా కబురు ఎందుకు పెరగలేదో నాకు ఇక్కడ అర్థమైంది.

ఇంకొక తేడా ఉంది. నా మనసుకు అదే ఎక్కువ తగులుతుంది. కాంజీ తనంతట తాను చెప్పినవాటిలో 90 శాతానికి పైగా అడగడాలే. తిండి, ఆట, ఎక్కడికైనా తీసుకెళ్లమని. ఊరికే ‘అదిగో చూడు’ అనడం చాలా తక్కువ. నేను తప్పు రిపోర్టు రాసిన ఆ బాబు విషయం చెప్పాను కదా. చేతులు ఒళ్లో పెట్టుకుని, మనసులో పది లెక్కపెట్టి, అతను మొదలుపెట్టేదాకా ఆగడం నేర్చుకున్నాను. అయిదారు నెలలు పట్టింది. ఒక వాన రోజు సెషన్ మధ్యలో లేచి వెళ్లి ‘వాన’ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి కిటికీ వైపు చూశాడు. అతనికేమీ అక్కర్లేదు. నాకు చూపించాలనిపించింది, అంతే. ఆ ఒక్క కార్డు నా దృష్టిలో నిమ్ 16 సైగల కంటే పెద్ద పలుకు. బిడ్డకు మాట రాకపోయినా ఈ ‘చూపించాలి’ అన్న తపన ఉందా లేదా అని నేను మొదటి రోజే చూస్తాను. అది ఉన్నచోట దారి దొరుకుతుంది.

కాబట్టి జూనియర్లు అడిగితే నా జవాబు ఇది. పెద్ద వానరాలు గుర్తులు నేర్చుకుంటాయి, వాటితో పని జరిపించుకుంటాయి. చిన్నప్పటి నుంచి మాటల మధ్య పెరిగితే మనం మాట్లాడేదాంట్లో చాలానే గ్రహిస్తాయి, మనం అనుకున్నదానికంటే ఎక్కువే. వాక్యం కూర్చడం, ఊరికే కబురు చెప్పుకోవడం మాత్రం ఇప్పటిదాకా ఏ వానరమూ చూపించలేదు. అడవిలో వాటి సొంత పిలుపుల సంగతి వేరు. కాంగోలోని కొకోలోపోరీలో బోనోబోలు రెండు పిలుపులు కలిపి, విడి అర్థాల నుంచి కొత్త అర్థం వచ్చేలా వాడతాయని 2025లో వచ్చిన అధ్యయనం చూపింది. మన భాష వాటికి నేర్పడానికి దశాబ్దాలు వెచ్చించాం. వాటి పలుకును వినడం ఇప్పుడిప్పుడే మొదలైంది.

డిశ్చార్జ్

మా ఫైళ్లలో చివరి పేజీ డిశ్చార్జ్ ప్లాన్. థెరపీ ఆగాక బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు, బోర్డు ఎవరు చదువుతారు, ఎవరు బదులిస్తారు అన్నది రాయకుండా కేసు మూయం. నిమ్ ఫైలులో ఈ పేజీ లేదు.

1977లో నాలుగేళ్లు కూడా నిండని నిమ్‌ను, ఊహ తెలిశాక ఇంకో చింపాంజీ ముఖమే చూడనివాణ్ని, ఓక్లహోమా బోనులకు పంపారు. అక్కడ బాబ్ ఇంగర్సాల్ అనే విద్యార్థి స్నేహం చేసి నడకకు తీసుకెళ్లేవాడు. సైగలకు బదులిచ్చేవాడు. 1982లో ఆ కేంద్రం చింపాంజీలను న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్య ప్రయోగశాలకు అమ్మేసింది, నిమ్ కూడా అందులో వెళ్లాడు. జనం గొడవ చేస్తే బయటపడి టెక్సస్‌లోని బ్లాక్ బ్యూటీ రాంచ్ అనే జంతు సంరక్షణ కేంద్రానికి చేరాడు. మొదట్లో తోటి చింపాంజీ లేదు, సైగలు తెలిసిన మనిషి లేడు. తర్వాత శాలీ అనే ఆడ చింపాంజీ తోడు వచ్చింది. ఇంగర్సాల్ దారి కనుక్కుని మళ్లీ వెళ్లి కలుస్తూ వచ్చాడు.

ఓక్లహోమా నుంచి అదే ప్రయోగశాలకు వెళ్లిన బూయీ అనే చింపాంజీని రోజర్ ఫౌట్స్ ఏళ్ల తర్వాత, 1995లో, టీవీ కెమెరాల ముందు చూడటానికి వెళ్లాడు. బూయీ గుర్తుపట్టి, బోను చువ్వల మధ్య నుంచి సైగలు చేశాడు. అన్నేళ్లూ ఆ సైగలు చదివేవాళ్లు లేకపోయినా అవి చేతుల్లో మిగిలే ఉన్నాయి.

నిమ్ 2000 మార్చి 10న గుండెపోటుతో పోయాడు. వయసు 26. జూనియర్లకు ఈ కేసు చెప్పడం ముగించాక ఫైలు వాళ్ల చేతికిచ్చి, ఆ లేని పేజీని రాసుకురమ్మంటాను.